రోకలి నిలబడినంతసేపు

శివరాత్రికి ముందు సంతకు పోయిన వరదమ్మ చింతపండు, ఎండుమిరపకాయలతో బాటు ఒక క్యాలెండరు కూడా తెచ్చింది. జవుళి కొట్టువాళ్లు ఊరికే ఇచ్చేదే. వెన్నకుండ ముందు కూర్చున్న చిన్నికృష్ణుడు, బుగ్గలు బూరెలు, నోరు లక్కపిడత. కోడలు పడుకునే గదిలో, మంచానికి కుడిపక్క గోడకు మేకు కొట్టి దాన్ని తగిలించింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని తల ఊపుకుంది. ఆ తర్వాత వంగి, మంచం పక్కన నేలమీద పరిచి ఉన్న చిన్న బొంతను చుట్టి చంకన పెట్టుకుంది. అది మనవరాలి పడక.

"ఈ పొద్దు నుంచి ఈశ్వరి నా దగ్గర పండుకుంటాది" అంది బయటికి వస్తూ.

నడవలో కాళ్లు చాపుకుని పంకజాక్షి విస్తరాకులు కుడుతోంది. ఎండిన మోదుగాకు మీద రాత్రే నీళ్లు చిలకరించి తడిగుడ్డ కప్పితే పొద్దుటికి పదునుకొస్తుంది. నడుమ ఒక పెద్దాకు పెట్టి, చుట్టూ ఒకదాని అంచు మీదికి ఒకటి లాగి, ఈనెపుల్లతో గుచ్చి, మిగిలిన కొసను గోటితో టిక్కుమని విరిచేయాలి. కట్టలు కట్టి ఇస్తే మొగుడు ధనంజయ పాసింజరు బండికెక్కించి తిరుపతి భోజనం హోటళ్లకు పంపుతాడు. అతను పాకాల జంక్షన్‌లో పార్సిలు కలాసి. ఎనిమిదో నెల కడుపు అడ్డం రావడంతో ఒళ్లో పెట్టుకోవలసిన ఆకును ఆమె ఇప్పుడు మోకాలి మీద పెట్టుకుని కుడుతోంది.

"ఎందుకత్తా, బిడ్డ నా పక్కనే ఉండనీ" అంది పుల్ల విరుస్తూ.

వరదమ్మ ఎందుకో చెప్పే పని లేదు. కడుపుతో ఉన్న మనిషి కళ్ల ముందు ఏది ఉంటే పుట్టే బిడ్డకు అదే పోలిక వస్తుందని ఆ వీధిలో పాలు తాగే పిల్లను అడిగినా చెబుతుంది. ఈశ్వరికి ఐదేళ్లు. పుట్టినప్పుడు పైపెదవి నిలువునా చీలి ఉండేది. రాయవేలూరు ఆసుపత్రిలో కుట్టు వేశారు. ఇప్పుడు ముక్కు కింది నుంచి పెదవి దాకా సన్నటి గీత ఒకటి మిగిలింది, మాట రవ్వంత ముక్కుతో వస్తుంది. అంతే. ఆ 'అంతే' అనే మాట మాత్రం ఆ ఇంట్లో పంకజాక్షి తప్ప ఎవరూ అనరు.

ఈశ్వరి ఆకుల్లో చిల్లులున్నవి ఏరి పక్కన పెడుతూ, అవ్వ చంకలోని బొంత వంక, అమ్మ వంక చూసింది. ఏడవలేదు. ఆ పిల్ల ఏడ్చి ఉంటే పంకజాక్షికి ఇంత కష్టంగా ఉండేది కాదు. ఆ పొద్దు ఆమె కుట్టిన ఆకులన్నీ బిగుసుకుపోయి దొప్పల్లా పైకి లేచాయి. మళ్లీ విప్పి కుట్టవలసి వచ్చింది.

మరునాడు ఆరోగ్య కేంద్రంలో మంత్రసాని నర్సు సంతోషమ్మ ఆమె కాలిమీద వేలితో నొక్కింది. గుంట పడి అట్లాగే నిలిచింది. రక్తపోటు చూసి పెదవి విరిచింది. ఉప్పు తగ్గించమంది, ఊరగాయ ముట్టవద్దంది. రాత్రి నిద్ర పడుతుందా అని అడిగింది. పంకజాక్షి పడుతుందని అబద్ధం చెప్పింది.

"నిద్రపొయ్యే మొగం ఇట్లుండదులేమ్మా" అని నర్సు తలుపు దగ్గరికేసి, ఆమెను బల్ల మీద ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టింది. మోకాళ్ల నడుమ దుప్పటి మడిచి పెట్టింది. వెల్లకిలా పడుకుంటే కడుపు బరువంతా వెన్ను పక్కన పోయే నెత్తురు నరం మీద పడుతుందట, ఎడమపక్కకైతే తల్లికీ బిడ్డకీ సుఖమట. తిరుపతిలో ట్రైనింగుకు పోయినప్పుడు ఒక డాక్టరమ్మ నేర్పిందట.

"పిడికిలి బిగించు. ఇంకా గట్టిగా. ఇప్పుడు ఇడిసిపెట్టు. సూసినావా, ఇంతసేపూ నువ్వు బిగబట్టుకోనుండావని నీకే తెలీదు."

అట్లా కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి పిక్కలు, తొడలు, నడుము, భుజాలు, పళ్లు, నొసలు దాకా ఒక్కొక్కటే బిగించమని, వదలమని చెప్పింది. ఊపిరి కడుపు దాకా పీల్చి, పొయ్యి కింద కట్టె లాగేస్తే పొంగు తగ్గినట్టు నిదానంగా వదలాలంది. రోజూ మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఈ మందుకు డబ్బు పని లేదంది. పంకజాక్షికి ఒళ్లు తేలికైంది. ఆ తేలికలో, ఎన్నాళ్లుగానో గొంతులో ఇరుక్కున్న మాట జారి బయటపడింది. శనివారం సూర్యగ్రహణమట కదా, దానివల్ల బిడ్డకు మొర్రి రావడం నిజమేనా అని అడిగేసింది.

సంతోషమ్మ చెవిగొట్టం చుట్టి పెట్టెలో పెట్టుకుంది.

"పుస్తకంలో అయితే లేదమ్మా" అంది. "అయినా ఆ కాసేపు లోపల కదలకుండా పండుకుంటే నీ సొమ్మేం పోతాది? నా కోడలు కడుపుతో ఉన్నెప్పుడు నేను గూడా కదలనీలేదు."

అప్పుడే వదులైన భుజాలు మళ్లీ ఎక్కి చెవుల దగ్గర కూర్చున్నాయి. పంకజాక్షి చీర సర్దుకుని లేచి వచ్చేసింది. దారి పొడుగునా ఆమెకు ఒళ్లు మండింది. నీ సొమ్మేం పోతుందని అందరూ అనేవాళ్లే. అయిదేళ్లుగా పోతున్నది ఏమిటో ఒక్కరికీ కనపడదు. ఈశ్వరి కడుపులో ఉండగా ఒక చంద్రగ్రహణం రాత్రి తను పెళ్లివారి ఆకులు కుట్టిందని, అందుకే బిడ్డ పెదవి చీలిందని అత్త అంటుంది. అత్తను చూసి వీధి అంటుంది. పోనీ లెమ్మని ఊరుకున్నందుకు అది నిజమై కూర్చుంది. కోపం చల్లారేలోగా ఇల్లు వచ్చింది.

ఇంట్లో మధ్యాహ్నం మంచమెక్కి నర్సు చెప్పినట్టు ఎడమపక్కకు తిరిగి పడుకుంటే కాళ్లు వదులయ్యాయి, నడుము వదులయింది. చేతులు మాత్రం మాట వినలేదు. వదిలిన పిడికిలి తనకు తెలియకుండానే మళ్లీ ముడుచుకునేది. ఇట్లా ఆమె తంటాలు పడుతుంటే ఈశ్వరి గడప దగ్గర నిలబడి చూసింది. ఏం చేస్తున్నావంటే చెప్పింది. ఆ పిల్లకు ఆట దొరికింది. లోపలికి వచ్చి మంచం పట్టె పట్టుకుని, అచ్చం నర్సులాగా గొంతు పెద్దది చేసి మొదలుపెట్టింది. కాలివేళ్లు బిగించమంది, వదలమంది. మోకాళ్లు మరిచిపోయి మళ్లీ వెనక్కి వచ్చింది. చేతుల దగ్గరికి వచ్చినప్పుడు మాటతో ఆపకుండా అమ్మ పిడికిలి తన రెండు చేతులతో పట్టుకుని ఒక్కొక్క వేలే విప్పింది. పంకజాక్షి ఆ మధ్యాహ్నం పొద్దు వాలిందాకా నిద్రపోయింది.

రెండో రోజు వరదమ్మ చూసింది. చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. కోడలు కృష్ణుడికి వీపు పెట్టి, ఈశ్వరి ముఖంలో ముఖం పెట్టి పడుకుని ఉంది. తెచ్చి తగిలించిన దేవుడు కుడిపక్క గోడకు, ఈ మహాతల్లి చూపు ఎడమపక్కకు. సాయంత్రం కొడుకు రాగానే పంచాయితీ పెట్టింది. ధనంజయ మంచివాడే. మంచితనంలో ఉండే ఇబ్బందే అతనిలోనూ ఉంది, ఎవరినీ నొప్పించడు కాబట్టి ఎవరికీ పనికిరాడు. నర్సు ఎడమపక్కకు పండుకోమన్నదని భార్య చెప్పింది, కృష్ణుడు కళ్ల ముందుండాలని అమ్మ చెప్పింది. అతను కాసేపు ఆలోచించి, సుత్తి తెచ్చి, మేకు ఊడబీకి ఎడమపక్క గోడకు కొట్టాడు. ఇద్దరి మాటా నిలబెట్టినందుకు సంతోషించి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

ఈశ్వరి నిలబడే చోట ఇప్పుడు కృష్ణుడున్నాడు. పిల్లను ఆ గది గడప తొక్కవద్దన్నారు. మరునాడు మధ్యాహ్నం పంకజాక్షి ఎంత ఊపిరి పీల్చి వదిలినా ఒళ్లు చెక్కలాగే ఉంది. ఎదురుగా ఆ వెన్నముద్ద నోరు నవ్వుతుంటే ఆమెకు దేవుడి మీద కూడా విసుగు పుట్టింది.

శుక్రవారం సాయంత్రం వరదమ్మ ఇంటికి గ్రహణం ఏర్పాట్లు మొదలుపెట్టింది. ఊరగాయ జాడీల మీద, నీళ్ల బిందెల మీద దర్భలు వేసింది. గది కిటికీకి గోనెపట్టా కట్టింది. ఈశ్వరిని వెంటబెట్టుకుని వీధి చివర రహిమున్నీసా ఇంటికి పోయి, రేపు మధ్యాహ్నం కాసేపు మనవరాలిని ఉంచుకోమని అడిగి వచ్చింది. రహిమున్నీసా బురఖాలకు, జాకెట్లకు చేతికుట్టు కుట్టే పెద్దావిడ, ఈశ్వరికి బూబమ్మ, పిల్ల అంటే ప్రాణం. ఎందుకని అడగలేదు, వాళ్లలో కూడా కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణానికి కత్తెర ముట్టరు. గ్రహణం పొద్దు ఆ ముఖం కోడలి కంట పడకూడదని వరదమ్మ ఉద్దేశం. ఆ మాట పిల్ల చెవిన పడేటట్టే మాట్లాడింది, పిల్లలకు చెవులుంటాయని ఆమెకు తోచదు.

పంకజాక్షి పెరట్లో మిగిలిన ఆకులు తడుపుతుంటే ఈశ్వరి పక్కన వచ్చి గొంతుక్కూర్చుంది. చాలాసేపు నీళ్లలో వేలు ఆడించింది.

"అమ్మా, నువ్వు ఆకు చించినందుకా నా పెదివి చినిగింది?"

పంకజాక్షి చేతిలోని చెంబు ఆగిపోయింది.

"ఎవురు చెప్పినారు?"

"అవ్వ. బూబమ్మతో చెప్తా ఉండె. రేపు నువ్వు కదిలితే పాపకు గూడా చినుగుతాదంట. నన్ను సూసినా చినుగుతాదంట." పిల్ల తల ఎత్తకుండా అడిగింది. "నేను అట్ల మొగం తిప్పుకోనుంటే చినగదా?"

కాదు అని వెంటనే చెప్పి ఉండవలసింది. పంకజాక్షి మళ్లీ చెంబు వంచి తడిసిన ఆకులనే తడిపింది. ఆమె కూడా అయిదేళ్లుగా, ఆ రాత్రి తను నిజంగా ఆకు చించిందా లేదా అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంది. కుట్టింది. చించిందా? గుర్తులేదు. పిల్ల జవాబు కోసం చూసి చూసి లేచి, అవ్వ పిలిస్తే సంగటి తినడానికి పోయింది. తనను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది పంకజాక్షికి.

శనివారం పొద్దున్నుంచి వరదమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆమె ప్రేమ అట్లాంటిది, తను మాడిపోతూ ఎదుటివాళ్లను మాడుస్తుంది. ధనంజయ డ్యూటీకి పోయాడు, గ్రహణమైనా రైళ్లు ఆగవు. ఈశ్వరిని రహిమున్నీసా ఇంట్లో వదిలి వచ్చాక వరదమ్మ నడవలో ఇత్తడి తాంబాళం పెట్టి, పసుపునీళ్లు పోసి, నడుమ రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టినంతసేపూ రోకలి తనంతట తానే నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది. అది గ్రహణానికే నిలబడుతుందో, అడుగు చదునుగా ఉంది కాబట్టి ఏ పొద్దయినా నిలబడుతుందో, మామూలు రోజు నిలబెట్టి చూసిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. రోకలి నిలిచింది. వరదమ్మ చెంపలు వేసుకుని, గ్రహణం సోకకుండా కోడలి చేతిలో ఇనుప తాళంచెవి ఒకటి పెట్టి పిడికిలి మూసింది.

"యెల్లకిలా పండుకో. కాళ్లు సాపుకో. వంకర పెడితే బిడ్డకు వంకరొస్తాది. గోకబాక, తిరగబాక. నేను ఈడనే కూసోనుంటా."

పంకజాక్షి పడుకుంది. గోనెపట్టా గదిని చీకటి చేసింది. పైన పెంకుల సందులోంచి ఒకే ఒక వెలుగుచుక్క గోడమీద పడుతోంది. మామూలుగా గుండ్రంగా ఉండేది, ఇప్పుడు ఒక పక్క ఎవరో కొరికిన నిప్పట్టు బిళ్లలా ఉంది. బయట కాకులు వేళగాని వేళ చెట్లకు చేరుతున్న గోల వినిపించింది. వీధిలో మనిషి అలికిడి లేదు. రేడియోలో ఎవరో సూర్యుడి వంక చూడవద్దని మళ్లీ మళ్లీ చెబుతున్నారు.

కాసేపటికి నడుము కింద సలుపు మొదలైంది. ఆ తర్వాత ఊపిరి పొట్టిదైపోయింది. చెమట పట్టి, చెవుల్లో గుయ్యిమని, పెంకులు పైకి పోతున్నట్టు తోచింది. కడుపులో బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

"అత్తా, తల తిరగతా ఉండాది."

"రొంతసేపు ఓర్సుకో. గమ్మునుండు."

ఓర్చుకుంది. పిడికిట్లో తాళంచెవి అరచేతిని కోస్తోంది. ఇంతసేపూ బిగబట్టుకోనుండావని నీకే తెలీదు అన్న నర్సు మాట గుర్తొచ్చింది. తెలియకపోవడమేం, ఇప్పుడు తెలుస్తోంది. ఒళ్లంతా ఒకటే పిడికిలి. ఈ బిడ్డ పుట్టి, దాని పెదవి చూసేదాకా ఇట్లాగే బిగబట్టుకుని ఉండాలి. పెదవి బాగుంటే అత్త కట్టుబాట్లు గెలిచినట్టు, ఈశ్వరి మొహందే తప్పని రుజువైనట్టు. బాగుండకపోతే మళ్లీ తను చేసినట్టు. ఎటు తిరిగినా ఓడేది తనూ తన బిడ్డే. పందెం వాళ్లది, పోయేది తమది.

ఆమె ఎడమపక్కకు తిరిగింది. అత్త గడప దగ్గర నుంచి అరిచింది. పంకజాక్షి మోచేతి మీద ఆనుకుని లేచి కూర్చుంది, తాళంచెవి మంచం మీద పెట్టింది, కాళ్లు నేలకు దించింది.

"యాడికి?" వరదమ్మ అడ్డంగా లేచింది.

"నా బిడ్డను తెచ్చుకునేదానికి."

"నీకు నెత్తికెక్కిందా? ఆ పొద్దు ఆకు చించి దాన్ని అట్ల జేసినావు. ఈ పొద్దు ఇంగోదాన్ని జేస్తావా?"

"తప్పుకో అత్తా" అంది పంకజాక్షి. గొంతు పెంచలేదు. ఎనిమిదో నెల కడుపును తోసేయడానికి వరదమ్మకు చేతులు రాలేదు. తప్పుకుంది.

బయట వెలుగు ఎండా కాదు, నీడా కాదు. ఎండకే జబ్బు చేసినట్టు ఉంది. పంకజాక్షి తల వంచుకుని, కడుపు కింద చెయ్యి పెట్టుకుని, మూసిన తలుపుల నడుమ వీధి పొడుగునా నడిచింది. భయం వేయలేదంటే అబద్ధం. అడుగడుక్కీ వేసింది. అయినా నడిచింది. తలుపు తీసిన రహిమున్నీసా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, లోపలికి రమ్మని చెయ్యి లాగింది. ఈశ్వరి మూలన గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండానే మొహం తిప్పుకుని కూర్చుంది. అది చూశాక పంకజాక్షికి ఇక భయం లేదు.

"రా ఈశ్వరీ, ఇంటికి పోదాం."

"పాపకు..."

"ఏం గాదు. నా మొగం సూడు. సూడు మ్మే."

పిల్ల కొంచెం కొంచెంగా తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి రోకలి నిలబడే ఉంది, వరదమ్మ దాని పక్కన కూలబడి ఏదో గొణుక్కుంటోంది. ఆమె పిడికిట్లో ఇప్పుడు ఆ తాళంచెవి ఉంది. కోడలి తరఫున తను పట్టుకున్నట్టుంది. పంకజాక్షి నడవలోని బుట్ట మీద తడిగుడ్డ తీసి, పదునైన మోదుగాకు, పెద్దది, వెడల్పుది ఒకటి తీసింది.

"ఈశ్వరీ, ఇట్ల సూడు. గ్రహణం పట్టే ఉండాది. రోకలి నిలబడే ఉండాది. నేను ఆకు చించతా ఉండాను."

వరదమ్మ వద్దని చెయ్యి చాపింది. పంకజాక్షి ఈనె పక్కగా ఆకును నిలువునా చించింది. ఒక సగం పిల్ల చేతికిచ్చింది.

"ఏమైంది?"

ఈశ్వరి ఆకు చూసింది, అమ్మ కడుపు చూసింది, పైన పెంకులు చూసింది.

"ఆకు చినిగింది."

"అంతే. నీ పెదివి నేను చించలేదు. ఎవురూ చించలేదు. అది అట్ల పుట్టింది, కుట్టినారు, సరిపోయింది."

"రేపు పుట్టేదానికి ఏమన్నా అయితే ఏం జేస్తావు?" వరదమ్మ గొంతు కోపంతో మొదలై మధ్యలో చిట్లిపోయింది.

"అయితే రాయేలూరు ఉండాది, రైలుండాది. దీన్ని ఎత్తుకోని పోయినట్టే దాన్నీ ఎత్తుకోని పోతా. అక్కకూ చెల్లికీ ఒకే మాదిరి గీత ఉంటాది, ఒకదానికొకటి తోడు." పంకజాక్షి ఆగి ఊపిరి పీల్చుకుంది. "దాని మొగం సూడకముందే దానికి నేను భయపడను అత్తా. ఈశ్వరికి భయపడి భయపడి అయిదేండ్లు పాడు జేసుకున్న్యాను."

ఆమె గదిలోకి పోయి ఎడమపక్కకు తిరిగి పడుకుంది, మోకాళ్ల నడుమ దుప్పటి మడిచి పెట్టుకుంది. క్యాలెండరు జోలికి పోలేదు, దేవుడు ఏం చేశాడు పాపం. ఈశ్వరి తన చోట, మంచానికీ గోడకూ నడుమ వచ్చి నిలబడింది. కృష్ణుడు ఆ పిల్ల తల వెనక పడిపోయాడు.

"కాలి ఏళ్లు బిగించు" అంది ముక్కుతో. "ఇడిసిపెట్టు."

పంకజాక్షి వదిలింది. పిక్కలు వదిలింది. నడుము, భుజాలు. ఈసారి పిల్ల పిడికిలి విప్పడానికి వంగితే అది అప్పటికే విప్పుకుని ఉంది. ఈశ్వరికి కొంచెం ఆశాభంగమైంది. అటూ ఇటూ చూసింది. గడప అవతల అవ్వ గోడకు ఆనుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ ఒళ్లో బిగించి కూర్చుని ఉంది. మెడ నరాలు పైకి తేలాయి.

పిల్ల గడప దాటి పోయి ఆమె ముందు కూర్చుంది.

"అవ్వా, నువ్వు గూడా. పిడికిలి ఇంకా గట్టిగా బిగించు."

"పో మ్మే" అంది వరదమ్మ కళ్లు తెరవకుండా.

"ఇప్పుడు ఇడిసిపెట్టు."

వరదమ్మ వదల్లేదు. ఈశ్వరి అవ్వ చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని చిటికెనవేలితో మొదలుపెట్టింది. గంజి, పసుపు, నిప్పు పట్టిన చెయ్యి, ఒక్కొక్క వేలూ మొండికేస్తూ వచ్చింది. తాళంచెవి జారి నేలమీద పడింది. అరచేతిలో దాని అచ్చు ఎర్రగా దిగి ఉంది. పిల్ల ఆ అచ్చును బొటనవేలితో రుద్దింది.

"నొప్పి పుట్టిందా అవ్వా?"

వరదమ్మ మూసిన కళ్ల కొసల్లోంచి నీళ్లు కారాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఈశ్వరి రెండో పిడికిలి కూడా విప్పి, భుజాల మీదికి వచ్చి, పళ్లు వదలమంది, నొసలు వదలమంది. గదిలో పంకజాక్షి ఊపిరి పొడుగ్గా, నిదానంగా వినిపిస్తోంది. నిద్రపోయింది. గోడమీది వెలుగుచుక్క మెల్లగా నిండుతోంది.

నడవలో తాంబాళం ఖంగుమంది. రోకలి పక్కకు ఒరిగి పడింది. గ్రహణమే విడిచిందో, పెరట్లోంచి వచ్చిన కోడే తగిలిందో. వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి, బావుల దగ్గర గిలకలు మోగుతున్నాయి. ఆ చప్పుడుకు అందరికన్నా ముందు లేచి, విడుపు స్నానానికి తలమీద నీళ్లు గుమ్మరించుకోవలసిన మనిషి వరదమ్మ. ఆమె ఆ చప్పుడు విన్నది. అయినా గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో తెరిచి పెట్టుకుని, అట్లాగే కూర్చుంది. కళ్లు తెరవమని ఈశ్వరి ఇంకా చెప్పలేదు.